డెల్టా పెరట్లో ఆవపంట

కంద బచ్చలి కూర, పనసపొట్టు కూర, అరటికాయ కూర, పులిహోర... మా కోనసీమలో వీటన్నిటికీ ఆవ పెట్టాల్సిందే. ఆవకాయ సంగతి సరేసరి. ఇంత ఆవ తింటాం కానీ ఆవమొక్క ఎలా ఉంటుందో చూసినవాళ్లు మా వైపు తక్కువ. మనకు కొట్లో దొరికే ఆవాల్లో చాలా భాగం ఉత్తరాదిన పండి బస్తాల్లో దిగుతాయి. దేశంలో ఆవపంటకు రాజస్థాన్‌దే మొదటి స్థానం.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరితోట, తోట దాటితే వరిచేలు. ఏటా చలికాలం మా పెరట్లో ఒక మడి ఆవాలకే వదులుతాను. చల్లడం దగ్గర్నుంచి జాడీలో పోసేదాకా పనంతా నేనే చూసుకుంటాను. "ఇక్కడ ఆవాలు పండవండి" అని చాలామంది అంటారు. పండుతాయి. అయితే ఆవమొక్కకు కావలసింది చలి, గిట్టనిది వేళ్ల దగ్గర నిలిచే నీరు. మన డెల్టాలో చలి తక్కువ, నీరు ఎక్కువ. కాబట్టి ఎప్పుడు వెయ్యాలి, ఎంత ఎత్తులో వెయ్యాలి అనే రెండు సంగతులు సరిగ్గా కుదిరితే మిగతాదంతా మామూలు పెరటి పనే.

ముందు అదును సంగతి. ఉత్తరాదిలో అక్టోబరులోనే చల్లేస్తారు. ఆ పద్ధతి మనకు పనికిరాదు. అక్టోబరు, నవంబరు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. 1996లో కోనసీమను కూల్చేసిన తుపాను వచ్చింది నవంబరు 6నే. ఆ రోజులు చూసిన మా పెద్దవాళ్లు కార్తీకం సగమైనా గడవనిదే ఆకాశాన్ని నమ్మరు. ఆవాల విషయంలో నేనూ అంతే. కార్తీక పౌర్ణమి వెళ్లాక ముసురు తగ్గి, తెల్లవారుజామున మంచు పడటం మొదలైతే అదే అదును. అప్పటినుంచి ధనుర్మాసం వచ్చేలోపు, అంటే డిసెంబరు మధ్యలోపు, చల్లడం అయిపోవాలి. ఇంకా ఆలస్యమైతే కాయలో గింజ గట్టిపడే సమయానికి ఎండ ముదిరిపోతుంది. రథసప్తమి దాటాక మన ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా! ఆలస్యంగా వేసిన ఆవకు పేనుబంక కూడా ఎక్కువ పడుతుంది.

చోటు ఎంచుకోవడం కొబ్బరితోటల్లో ఉండేవాళ్లకు కాస్త కష్టమే. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, అందుకని ఇంటికి ఉత్తరం వైపు ఆ రోజుల్లో నీడ పొడుగ్గా పరుచుకుంటుంది. వేసవిలో బాగా ఎండ తగిలిన చోటే డిసెంబరులో నీడలో ఉండొచ్చు. మడి కట్టేముందు ఒక రోజంతా నీడ ఎక్కడెక్కడ తిరుగుతోందో చూసుకోండి. కొబ్బరిచెట్టు మొదలుకు దగ్గరగా వేస్తే నీడ మాట అటుంచి, దాని వేళ్లు మడిలో తేమంతా లాగేస్తాయి.

ఇక మడి. పని మొత్తంలో ఒళ్లు వంచాల్సింది ఇక్కడే. మనది ఒండ్రు నేల, నల్లటి బంకమట్టి. సారానికి లోటు లేదు కానీ తడిస్తే ముద్ద, ఎండితే పెళ్ల. పైగా సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలవగానే పక్క చేలల్లో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు పెడతారు. మన పెరట్లో చుక్క పొయ్యకపోయినా కింద ఊట పైకి వస్తుంది. కాబట్టి నేలమట్టంలో చల్లొద్దు. మూడడుగుల వెడల్పుతో, నేలకు ముప్పావు అడుగు నుంచి అడుగు ఎత్తున మడి కట్టండి. మూడడుగులైతే మడి తొక్కకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది. మడికి రెండు పక్కలా చిన్న బోదె తీసి, నీరు బయటికి పోయే దారి చూపించాలి. ఆ దారి ఎక్కడికో ఒకచోటికి పోవాలి మరి, గోడ దగ్గర ఆగిపోతే తీసి ఉపయోగం లేదు.

బంకమట్టిలో రెండు బుట్టల గోదావరి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పీచుపొట్టు కలుపుతాను. పొట్టు మా ఊళ్లో అడిగితే చాలు, దొరుకుతుంది. కానీ పీచు తీసిన వెంటనే వచ్చే ఎర్ర పొట్టు వాడకూడదు, అందులోని వగరు లేత వేళ్లకు పడదు. కొన్ని నెలలు వానకు నాని, నల్లబడిన పొట్టు వాడాలి. అందరూ మర్చిపోయేది ఒకటుంది, గంధకం. ఆవ ఘాటుకు మూలమైన పదార్థాల్లో గంధకం ఉంటుంది కాబట్టి నేలలో అది తక్కువైతే మొక్క పాలిపోతుంది, దిగుబడీ తగ్గుతుంది. ఎరువుల కొట్లో జిప్సం అడిగి తెచ్చి, చదరపు మీటరుకు పాతిక నుంచి ముప్పై గ్రాములు చల్లి మట్టిలో కలపండి. వేరుశనగ రైతులు వాడేదే అది. యూరియా జోలికి నేను వెళ్లను. ఆకు ఏపుగా పెరిగి, కాండం మెత్తబడి, పేనుబంకను పిలిచినట్టవుతుంది.

విత్తనం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, వంటింటి పోపుల డబ్బాలో ఉన్నవి మొలుస్తాయి. కాకపోతే పాతబడి ఉండకూడదు. ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి, రోజూ కాస్త తడి చూసుకుంటూ ఉంటే నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది. పదిహేను దాటి మొలిస్తే నిశ్చింతగా చల్లుకోవచ్చు.

ఆవాల్లో రకాలున్నాయి. మనం పోపుకు, ఆవపిండికి వాడే ముదురు గోధుమరంగు గింజది బ్రాసికా జున్సియా అనే జాతి. ఉత్తరాదిలో తోరియా, సర్సన్ అని వేసేవి బ్రాసికా రాపా. టర్నిప్పు, చైనీస్ క్యాబేజీ కూడా ఆ జాతివే. మొక్క ఎదిగాక రెండూ గుర్తుపట్టడం సులువు. పై ఆకు మొదలు కాండాన్ని రెండు చెవులతో చుట్టి పట్టుకుంటే అది రాపా. ఆకు సన్నగా, కాండాన్ని చుట్టకుండా ఉంటే జున్సియా. తోరియా దాదాపు మూడు నెలల్లోపే కోతకొస్తుంది కాబట్టి మన పొట్టి చలికాలానికి సరిపోతుంది, ఆకుకూరగా కూడా మెత్తన. కానీ దాని పూలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు, పక్క మొక్క పుప్పొడి తేనెటీగలు తేవాలి. జున్సియాకు ఆ ఇబ్బంది అంతగా లేదు. నాకు కావలసింది ఆవ పెట్టడానికి ఘాటైన గింజ కాబట్టి నేను మన వంటింటి ఆవాలే వేస్తాను.

చల్లేముందు విత్తనాన్ని తెల్లటి పళ్లెంలో పోసి వెలుతురులో చూడండి. ఇది చాదస్తం అనుకోకండి. మన కాలవగట్ల మీద, రోడ్డు పక్కన చలికాలంలో బ్రహ్మదండి విపరీతంగా మొలుస్తుంది. పసుపు పూలు, అంచుల్లో ముళ్లున్న బూడిదరంగు ఆకులు, తుంపితే పసుప్పచ్చని పాలు. దాని గింజ ఆవగింజలాగే నల్లగా, గుండ్రంగా ఉంటుంది. కానీ వేలికి గరుకు తగులుతుంది, ఆవగింజ నున్నగా ఉంటుంది. అనుమానం వస్తే గోటితో నొక్కి చూడండి. ఆవగింజ లోపల పసుపు, బ్రహ్మదండి గింజ లోపల తెలుపు. బ్రహ్మదండి విషం. దాని నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో కాళ్లు వాచి, గుండె దెబ్బతిని పదుల మంది చనిపోయారు. కాబట్టి మడి చుట్టుపక్కల ఆ మొక్క కనిపిస్తే పూత రాకముందే పీకేయాలి. కుక్కవామింట కూడా పసుపు పూలు పూసి, సన్నటి కాయలు కాసి, చూడని కంటికి ఆవమొక్కలా కనిపిస్తుంది. దాని ఆకు పట్టుకుంటే జిగురు, వాసన వేరు. రెండిటికీ రేకులు నాలుగే, కానీ ఆవపువ్వు రేకులు ఎదురెదురుగా, సమంగా ఉంటాయి.

పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి చెంచాడు ఆవాలు చాలు. ఆ చెంచాలో దగ్గర దగ్గర వెయ్యి గింజలుంటాయి! ఉత్త చేత్తో చల్లితే ఒకేచోట కుప్ప పడతాయి. పిడికెడు పొడి ఇసుకలో కలిపి, అడుగుకో సాలు చొప్పున మూడు సాళ్లు గీసి అందులో రాల్చండి. అర అంగుళం మించి లోతు వద్దు, పైన పలచగా మట్టి జల్లి చేత్తో అద్దితే సరి. నీళ్లు బిందెతో కుమ్మరించకూడదు, గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. చిల్లుల మూతి ఉన్న రోజ్ డబ్బాతో చిలకరించండి. పైన కొత్త ఎండుగడ్డి పలచగా పరిస్తే మట్టి అట్టకట్టదు. మొలక కనిపించగానే ఆ గడ్డి తీసేయాలి, లేకపోతే మొలకలు పాలిపోయి సాగుతాయి.

మొలిచిన తర్వాత మొదటి రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఒకసారి మడి దగ్గరికి వెళ్లండి. ఈ వయసులో మొక్కకు ఇద్దరు శత్రువులు. ఒకటి నత్త. తేమ నేలలో రాత్రికి రాత్రి ఒక సాలు మొత్తం గీకేస్తుంది. దీపం పట్టుకుని రాత్రి ఏరెయ్యడమే మందు. రెండోది రంపపు ఈగ పిల్ల. నల్లగా, ముడతలు పడి, ఆకు అంచున పాకుతూ ఉంటుంది. చెయ్యి తగలగానే చుట్టుకుని కింద పడిపోతుంది. ఆ అలవాటే మనకు వీలు. ఆకు కింద సబ్బునీళ్ల గిన్నె పట్టి మొక్కను తట్టితే చాలు, అన్నీ దాంట్లోనే రాలతాయి. చల్లదనం ఉన్న పొద్దున్నపూట చెయ్యాలి.

మూడు, నాలుగు ఆకులు వేశాక పలచన చెయ్యాలి. చాలామంది ఇక్కడ జాలిపడతారు. మొక్కకూ మొక్కకూ మధ్య అరడుగు లేకపోతే అన్నీ పుల్లల్లా పెరిగి ఒక్కటీ కొమ్మ వెయ్యదు. పీకిన లేత మొక్కలు పారెయ్యొద్దు. వేళ్లు తుంచి, కడిగి, కందిపప్పుతో ఉడికించి, రెండు పచ్చిమిరపకాయలు వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే ఆవాకు పప్పు. కొస నాలుకకు కాస్త చురుకు తగులుతుంది. మా ఇంట్లో ఈ పప్పు కోసమే కావాలని కొంచెం ఒత్తుగా చల్లుతాను. ముప్పై రోజుల వరకూ అడుగు ఆకులు రెండేసి తుంచుకోవచ్చు. పూత మొదలయ్యాక ఆకు ముట్టుకోవద్దు, ముదిరి చేదెక్కుతుంది, గింజకూ బలం తగ్గుతుంది.

నీటి విషయంలో ఒకే లెక్క. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లొద్దు. మన బంకమట్టిలో వారానికి ఒకసారి పడినా ఎక్కువే కావచ్చు. మూడో వారంలో ఒకసారి, పూత మొదట్లో ఒకసారి, కాయ ఊరేటప్పుడు ఒకసారి మడి బాగా తడిసేలా పెట్టండి. కాయ పసుపు తిరిగాక చుక్క వద్దు.

నవంబరు చివర్లో చల్లితే సంక్రాంతికి పూత మీద ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్నే మంచు విడుతుండగా మడి చూడాలి! పైన పసుపు గుత్తి, కింద అప్పుడే కట్టిన సన్నటి కాయలు, ఒకే కాడ మీద మొగ్గ, పువ్వు, పిందె అన్నీ ఉంటాయి. గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పక్కన రెండు ఆవపూల గుత్తులు పెడితే మా వీధి పిల్లలు "అవేం పూలు పిన్నీ?" అని అడుగుతారు. తొమ్మిది గంటలయ్యేసరికి తేనెటీగలు దిగుతాయి. పూత ఉన్నన్నాళ్లూ ఏ మందు కొట్టాలన్నా సాయంత్రం, ఈగలు వెళ్లిపోయాకే కొట్టండి. ఆ మాట నేను బతిమాలి చెబుతున్నాను. మడి నిండా ఈగలున్న ఏడు కాయలు నిండుగా వస్తాయి, పక్కనున్న దోసపాదు కూడా బాగుపడుతుంది.

మందు అవసరం వచ్చేది పేనుబంకకే. మబ్బు పట్టిన రెండు రోజులు చాలు, పూలగుత్తి కింద కాడ చుట్టూ బూడిదపచ్చ రంగులో పేను అతుక్కుపోతుంది. ఆకులు ముడుచుకుంటాయి, జిగురు కారి చీమలు ఎక్కుతాయి. ఒకటి రెండు కొమ్మలకే ఉంటే ఆ కొసలు తుంచి కాల్చెయ్యండి. ఎక్కువైతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగ కలిపి, కాడలు తడిసేలా పిచికారీ చెయ్యండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. కొట్టేముందు అక్షింతల పురుగులు ఉన్నాయేమో చూడండి. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండేవి అవే. అవీ, వాటి పిల్లలూ రోజంతా పేనును తింటూనే ఉంటాయి. అవి దండిగా ఉంటే నేను మందు జోలికి పోను. మంచు ఎక్కువ కురిసిన ఏడు ఆకు అడుగున తెల్లటి పొక్కులు లేస్తాయి, దాన్ని తెల్ల తుప్పు అంటారు. ఆ ఆకులు కోసి మడికి దూరంగా కాల్చాలి, పైనుంచి నీళ్లు పొయ్యడం మానాలి.

కాయ గట్టిపడుతుంటే రామచిలకలు వస్తాయి. కాయలు ఒలిచి మరీ తింటాయి. పాత చేపలవల ఒకటి నాలుగు కర్రల మీద పరిస్తే ఆ బెడద పోతుంది. మా వైపు వలలకు కొరత లేదు.

కోత సరిగ్గా పట్టుకోవాలి. కాయలన్నీ ఎండేదాకా ఆగితే కింది కాయలు పగిలి గింజ నేలపాలు. నాలుగింట మూడొంతుల కాయలు పసుపు తిరిగి, కింది కాయ చీల్చి చూస్తే గింజ గోధుమరంగులో గట్టిగా ఉంటే కోసెయ్యండి. మన దగ్గర అది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వస్తుంది. కొయ్యాల్సింది తెల్లవారుజామున, మంచు తడి ఉండగానే. ఎండెక్కాక కొడవలి తగిలితే కాయలు టపటపా పగులుతాయి. కింద పాత చీర పరిచి, దాని మీదకే కొయ్యండి. అదే చీరలో మూటగట్టి డాబా మీద నాలుగైదు రోజులు ఎండనివ్వండి.

ఎండాక కర్రతో తేలిగ్గా కొడితే గింజంతా రాలుతుంది. చేటతో చెరిగాక కూడా సన్నటి పొట్టు, పుల్లముక్కలు మిగులుతాయి. దానికి మా అత్తగారు నేర్పిన ఉపాయం ఒకటుంది. చేటను ఒక పక్కకు కొంచెమే వంచి, అంచును వేళ్లతో తట్టాలి. గుండ్రటి గింజలు గలగలా దొర్లి కింది పళ్లెంలోకి దిగుతాయి, పొట్టూ పుల్లా చేటలోనే ఆగిపోతాయి. నొక్కులు పడ్డ తాలు గింజ కూడా దొర్లదు, పైనే ఉండిపోతుంది. నాలుగైదుసార్లు తడితే ఏరాల్సిన పనే ఉండదు. తర్వాత ఇంకో రెండు ఎండలు పెట్టి, పంటి కింద వేస్తే టక్కున విరిగేలా ఉంటే పూర్తిగా చల్లారాక జాడీలో పొయ్యండి. వేడిగా పోస్తే మూతకు చెమ్మ పట్టి బూజొస్తుంది.

ఎంత వస్తుంది అని అందరూ అడుగుతారు. దేశం సగటు హెక్టారుకు సుమారు 1.4 టన్నులు, అంటే చదరపు మీటరుకు 140 గ్రాములు. చలి తక్కువైన మన పెరట్లో అంత ఆశించకూడదు. నేను చెప్పిన మడికి పావుకిలో వస్తే బాగా పండినట్టే. అది ఆవకాయకు చాలదు. ఆవ పెట్టిన కూరలకు మాత్రం చాలా రోజులు వస్తుంది. అసలు దీని అదృష్టం ఏమిటంటే, ఆవాలు జాడీలోకి దిగే రోజులకే పనసపొట్టు దొరుకుతూ ఉంటుంది.

కొత్త ఆవాలతో ఆవ పెట్టేటప్పుడు కొంచెం తక్కువ తీసుకోండి, ఘాటు ముక్కులోకి కొడుతుంది. గింజ పొడిగా ఉన్నంతసేపూ ఘాటు రాదు. నలిగి నీళ్లు తగిలితేనే లోపలి ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. అందుకని రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు చల్లటి నీళ్లతో మెత్తగా నూరి పది నిమిషాలు పక్కన పెట్టాలి. వేడినీళ్లు పోస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. కూర పొయ్యి మీద నుంచి దించి, ఆవిరి తగ్గాకే ఆవముద్ద కలపాలి. ఉడుకుతుండగా కలిపితే ఘాటంతా ఆవిరితో పోతుంది. మిక్సీలో తిప్పేవాళ్లు ఆగి ఆగి తిప్పండి, గిన్నె వేడెక్కనివ్వకండి.

మళ్లీ ఏడాదికి విత్తనం కావాలంటే మడి మధ్యలో బాగా కొమ్మలు వేసి, పేను పట్టని రెండు మూడు మొక్కలను కోతకు ముందే దారం కట్టి గుర్తుపెట్టుకోండి. వాటి గింజ విడిగా దులిపి, కాగితం పొట్లంలో కట్టి, తేది రాసి గాజు సీసాలో దాచండి. మొదళ్లు పీకి ఎరువుగుంతలో వెయ్యండి, తెల్ల తుప్పు పట్టినవి మాత్రం కాల్చాలి. ఆ మడిలో వచ్చే ఏడు మళ్లీ ఆవ గానీ, దాని చుట్టాలైన క్యాబేజీ, ముల్లంగి గానీ వెయ్యకండి, అవే పురుగులు, అవే తెగుళ్లు కాచుకుని ఉంటాయి. మార్చిలో మడి ఖాళీ అవుతుంది కాబట్టి నేనైతే వారం ఆరనిచ్చి, పశువుల ఎరువు ఒక బుట్ట తిరగేసి, బెండ గింజలు పెడతాను.